చేతికందే ఎత్తులో

పుస్తక ప్రదర్శనకు వెళ్తే నా కళ్లు ముందు బల్లల మీదికి పోతాయి. ఏ బల్ల ఎంత ఎత్తుంది, అంచున ఏ పుస్తకాలు పరిచారు, వెనక అరల్లోకి ఏవి నెట్టారు అన్నది చూస్తే ఆ స్టాలు ఎవరి కోసం తెరిచారో చెప్పేయొచ్చు. పెద్దవాళ్ల నడుమెత్తు బల్ల ముందు నిలబడ్డ ఐదేళ్ల పిల్లకు బల్లగుడ్డ కుచ్చెళ్లు తప్ప ఏమీ కనపడవు. పని తెలిసిన పిల్లల పుస్తకాలవాళ్ల స్టాల్లో అలా ఉండదు. మోకాలెత్తు బల్ల, దాని మీద అట్టలు పైకి పెట్టి పరిచిన సన్నటి పుస్తకాలు. పిల్ల వస్తుంది, ఎవర్నీ అడక్కుండా ఒకటి తీస్తుంది, అక్కడే చాప మీద కూలబడుతుంది. అమ్మేవాళ్లు కసరరు. ఆ కసరకపోవడం కూడా పనితనమే. రోజుకు నాలుగు కాపీలు నలుగుతాయని ముందే లెక్కలో రాసుకున్నవాళ్లకే అది సాధ్యం.

మాది మారేడ్‌పల్లి. సికింద్రాబాద్ స్టేషను, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటుకుని ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియానికి చేరితే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన. 1985లో మొదలైన ఈ ప్రదర్శన నిజాం కాలేజీ మైదానం, నెక్లెస్ రోడ్డు వంటి చోట్లు తిరిగి తిరిగి ఇక్కడ కుదురుకుంది. మామూలుగా డిసెంబరు చివర్లో పది పదకొండు రోజులు జరుగుతుంది. 2024లో జరిగింది 37వది, డిసెంబరు 19 నుంచి 29 దాకా, మూడొందలకు పైగా స్టాళ్లతో. ఆ ఏడు ప్రాంగణానికి దాశరథి కృష్ణమాచార్య పేరు పెట్టారు. వేదికల్లో ఒకదానికి రచయిత్రి బోయి విజయభారతి పేరు, ఇంకోదానికి తోపుడుబండి సాదిక్ పేరు. మహాకవి పేరు పెట్టడం ఏ నిర్వాహకులకైనా తట్టేదే. తోపుడుబండి మీద పుస్తకాలు పేర్చుకుని నెక్లెస్ రోడ్డున నిలబడి అమ్మిన మనిషి పేరు వేదికకు పెట్టడానికి మాత్రం పుస్తకం ఎలా నడుస్తుందో తెలిసి ఉండాలి. విలేకరిగా పనిచేసిన సాదిక్ అలీ నగరంలో ఆ బండిని తిప్పి, తర్వాత దాన్ని తోసుకుంటూ పల్లెల దారి పట్టాడు. ఊళ్లలో గ్రంథాలయాలు పెట్టించాలన్నది ఆయన పట్టుదల. జనం దుకాణానికి రాకపోతే దుకాణమే జనంలోకి పోవాలన్న సంగతి తోపుడుబండికి ఎప్పటినుంచో తెలుసు, కూరలవాళ్లకూ పళ్లవాళ్లకూ తెలుసు. పుస్తకాలవాళ్లకే ఆలస్యంగా తెలిసింది.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత 66 శాతం పైచిలుకు, హైదరాబాద్ జిల్లాది 83 దాటింది. మా పేటలో ఈ అంకెలకు దొరకని నిరక్షరాస్యత ఒకటుంది. మారేడ్‌పల్లి అంటే పాత కంటోన్మెంటు నీడన పెరిగిన పేట. తమిళం, కన్నడం, మరాఠీ, ఇంగ్లిషు, ఉర్దూ అన్నీ ఒకే వీధిలో వినిపిస్తాయి. ఇక్కడి పిల్లలు పార్కులో తెలుగులోనే కొట్టుకుంటారు, తెలుగులోనే రాజీపడతారు. చదవమంటే మాత్రం ఇంగ్లిషు. అమ్మమ్మ చెప్పే కథ నోరు తెరుచుకుని వింటారు, ఆ కథే అచ్చులో చూపిస్తే తలతిప్పేస్తారు. 2018లో తెలంగాణ అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక పాఠ్యపుస్తకం ఇళ్లలోకి వచ్చింది. అయితే పరీక్ష కోసం వచ్చిన అక్షరం పరీక్షతోనే వెళ్లిపోతుంది. ఈ పిల్లల కోసం పనిచేయాల్సింది ప్రదర్శనలోని అన్నిటికన్నా సన్నటి పుస్తకం. అందుకే దాని దగ్గర నిదానంగా ఆగుతాను.

పదహారు పేజీల బొమ్మల పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకోండి. ఒక పెద్ద కాగితాన్ని రెండు వైపులా అచ్చేసి మూడు మడతలు పెడితే పదహారు పేజీలు. అచ్చుపనివాళ్ల మాటల్లో ఒక ఫారం. దాని మీద అట్ట, వెన్నులో రెండు పిన్నులు, అంతే. జిగురు బైండింగైతే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, గట్టిగా విప్పితే కాగితాలు ఊడి చేతికొస్తాయి. పిన్ను కొట్టిన పుస్తకం నేల మీద చదునుగా పడుకుంటుంది. ఇద్దరు పిల్లలు చెరో పక్కన బోర్లా పడుకుని చూడొచ్చు, బొమ్మ నడిమి మడతలో ఇరుక్కుపోదు. ధర పెరగకూడదంటే ఒక్క ఫారం దాటకూడదు. దాటకూడదంటే కథ ఆ కొలతలోనే పుట్టాలి, చిక్కుపడాలి, విడిపోవాలి. కందం రాసేవాడికి గణాల లెక్క ఎలాగో, ఈ పుస్తకం చేసేవాడికి పేజీల లెక్క అలాగ. ఒక వాక్యం ఎక్కువైతే బొమ్మ కుంచించుకుపోతుంది, బొమ్మ పెద్దదైతే వాక్యం పోవాలి.

ఆ తర్వాత అక్షరం. తెలుగక్షరం గీత మీద బుద్ధిగా కూర్చునే రకం కాదు. నెత్తిన తలకట్టో గుడో ఉంటుంది, కాళ్ల కింద ఒత్తు వేలాడుతుంది. ‘రాష్ట్రం’ లాంటి మాటకైతే ఒత్తు కింద ఒత్తు. వరుసల మధ్య జాగా చాలకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుళ్లను గుద్దుకుంటాయి. చదవడం అలవాటైన కన్ను ఆ రద్దీని లెక్కచేయదు. కూడబలుక్కుంటున్న కన్ను మాత్రం ఆ ఒత్తు ఏ వరుసదో తేలక ఆగిపోతుంది. కాబట్టి అక్షరం పెద్దదైనంత మాత్రాన చాలదు, దాని చుట్టూ గాలి కూడా ఆ లెక్కనే పెరగాలి. కాగితం ఖర్చుకు భయపడ్డవాళ్లు అక్షరాన్ని పెంచి జాగాను మిగుల్చుకుంటారు. అలాంటి పుస్తకాలు ప్రతి ప్రదర్శనలోనూ గుట్టలుగా ఉంటాయి, వాటి అట్టలే బాగా మెరుస్తుంటాయి.

వరుస ఎక్కడ ఆపాలన్నది ఇంకో పని. మాటను వరుస చివర ఎక్కడ పడితే అక్కడ విరవడం మన అచ్చుకు పాత అలవాటు, అడ్డగీత కూడా పెట్టరు. ‘వెళ్లిపోయింది’ అన్న మాట ‘వెళ్లిపో’ దగ్గర తెగి కింది వరుస ‘యింది’తో మొదలైతే పెద్దవాళ్లు గమనించకుండా దాటేస్తారు. ఇప్పుడిప్పుడే చదువుతున్న పిల్లకు ‘వెళ్లిపో’ అంటే ఎవరో కసిరినట్టు, ‘యింది’ అంటే ఏమీ లేనట్టు. శ్రద్ధగా చేసిన పుస్తకంలో వరుస ఊపిరి తీసుకునే చోట ఆగుతుంది. ఎడమ అంచు తిన్నగా ఉంటుంది, కుడి అంచు ఎగుడుదిగుడు. ఆ ఎగుడుదిగుడును సరిచేయాలని చేయి తహతహలాడే డీటీపీ మనిషిని ఆపడానికి పక్కన ఒక సంపాదకుడు కావాలి. అట్ట మీద అతని పేరు ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది పేజీ తిప్పే చోట జరిగే పని. మన వాక్యానికి క్రియ చివర వస్తుంది. కథ చెప్పే ముసలమ్మలందరూ ఈ సంగతిని వాడుకున్నవాళ్లే. తలుపు నెట్టి, లోపలికి తొంగిచూసి, మంచం కిందికి వంగి... అని ఆపేస్తారు. అసమాపక క్రియల మీద వాక్యం ఎంతసేపైనా వేలాడుతుంది, వినేవాడు తెమలలేడు. చేయి తిరిగిన రచయిత కుడి పేజీ చివర సరిగ్గా అక్కడ ఆపుతాడు. పేజీ తిప్పితే క్రియ ఉండదు, బొమ్మ ఉంటుంది. మంచం కింద ఏముందో బొమ్మే చెప్తుంది. ఇంగ్లిషు నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకాల్లో ఈ పట్టు తరచు జారిపోతుంది. ‘చెట్టు వెనక పులి’ అనాలంటే అక్కడ పులి ముందొచ్చి తర్వాత చెట్టు వస్తుంది, ఇక్కడ చెట్టు ముందు రావాలి. అనువాదకుడు పేజీ తిప్పే చోటును కూడా మార్చుకోవాలని తెలిసినవాళ్లు చేసిన పుస్తకాలను పైకి చదివితే చాలు, గుర్తుపట్టేయొచ్చు.

రెండు భాషల పుస్తకాలు ఈ పరీక్షలో మరీ ఇరుకున పడతాయి. ఒకే బొమ్మ కింద తెలుగూ ఇంగ్లిషూ ఉంటాయి, పేజీ తిరిగే చోటు మాత్రం ఒక్కటే. తార్నాకలోని ‘మంచి పుస్తకం’ ట్రస్టు ఇలాంటివి చాలా వేసింది. మా మారేడ్‌పల్లి పిల్లలకు అవి సరిగ్గా సరిపోతాయి. ఇంగ్లిషు వాక్యం తెలుసు కాబట్టి ధైర్యం, తెలుగు వాక్యం చెవికి తెలుసు కాబట్టి చనువు. రెంటి మధ్య అక్షరం తనంతట తనే పట్టుబడుతుంది. ఇంట్లో తమిళం మాట్లాడే పక్కింటి పిల్లవాడు కూడా వాటితో తెలుగు అక్షరాల్లోకి దొంగదారిన దూరొచ్చు. కొన్నింటిలో తెలుగు వాక్యం ఇంగ్లిషు వాక్యం వెంట మరీ విధేయంగా నడిచిన మాట నిజమే. నేను వాటిని పక్కన పెట్టి, తెలుగు వాక్యం తన కాళ్ల మీద నిలబడినవాటిని ఏరుకుంటాను. ఈ ట్రస్టు చేసిన మరో మంచి పని, ఒకప్పుడు మాస్కో నుంచి వచ్చి ‘విశాలాంధ్ర’ పుస్తకాల షాపుల్లో, వ్యాన్లలో చవగ్గా దొరికిన సోవియట్ పిల్లల కథలను మళ్లీ అచ్చులోకి తేవడం. ఆ బొమ్మలు చూస్తూ పెరిగిన యాభై అరవై ఏళ్లవాళ్లు స్టాల్లో మనవడి కోసమంటూ తీసుకుని తామే నిలబడి చదవడం చూస్తుంటాం.

సన్నటి పుస్తకం అంటే పిల్లలదే అనుకోకూడదు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్టు తొలి పుస్తకాల్లో ఒకటి అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన తెలుగు, ‘ఏడు తరాలు’. మూలం ఇటుకంత లావు. సహవాసి దాన్ని కుదించి, పగలంతా పనిచేసి వచ్చిన మనిషి కూడా ముగించగలిగే పుస్తకం చేశాడు. ఏది వదలాలో తెలియడంలో ఉంది ఆ నేర్పు. వదిలిన చోట గుంట కనపడదు.

నెల్లూరు సంగతి ఇంకా పెద్దది. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడుల్లో ఆడవాళ్లు చదివిన పాఠాల్లో సీతమ్మ అనే ఆమె కథ ఉంది, తాగుబోతు మొగుడి చేతిలో నలిగిన కథ. ఆ పాఠం మీద మాట్లాడుకుంటూనే దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో అది జిల్లాలకు జిల్లాలు పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. పాఠం ఒక్కటే ఇదంతా చేసిందనడం తప్పు. ఆకలి, దెబ్బలు, సంఘాలుగా కూర్చునే అలవాటు అన్నీ కలిశాయి. కానీ పనితనం దృష్టితో చూస్తే నాకు ఆశ్చర్యం వేసేది ఒకటుంది. అక్షరాలు నేర్పడానికి రాసిన పాఠంలో ‘అరటి, ఆవు’ కాకుండా చదివేవాళ్ల ఇంట్లో రాత్రి జరిగేది పెట్టాలని ఎవరికో తట్టింది. పెద్ద వయసులో చదువు నేర్చుకునేవాళ్లు పిల్లలు కారని, వాళ్లకు తెలియనిది అక్షరమే గానీ లోకం కాదని గుర్తుంచుకున్న చేయి అది. ప్రదర్శనలో ఇలా కొత్తగా చదువు నేర్చిన పెద్దవాళ్ల కోసం చేసిన పుస్తకాలు నేషనల్ బుక్ ట్రస్ట్ స్టాల్లో వెతికితే దొరుకుతాయి. వెతకాల్సి రావడం నాకు నచ్చదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని వస్తారు, ఆ పుస్తకాలు ముందు బల్ల మీద ఉండాలి.

చేతికందేట్టు చేయడమన్న ఈ పని నగరానికి కొత్తదేమీ కాదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెరుచుకుంది. వెనక కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నాడు. నాలుగేళ్లకు, 1905లో, మా సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం. 1906లో కొమర్రాజు బృందం విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చందాదారులను కూడగట్టి, వరసగా పుస్తకాలు వేసింది. మొదట వచ్చింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తెలుగు బడులే అరుదైన నిజాం రాజ్యంలో, ఉర్దూ సర్కారు నడుమ, తెలుగు చదివేవాళ్లను ఒక్కొక్కర్నీ పోగేసుకోవాల్సిన కాలం అది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపాడు. పడవ నుంచి తోపుడుబండికి ఎనభై ఏళ్లు పట్టింది, ఆలోచన ఒక్కటే.

చదివించడం అయింది, ఇక రాయించడం. ప్రదర్శనలో పిల్లల కోసం ప్రత్యేకంగా కార్యక్రమాలు ఉంటాయి, కథలు చెప్పడం, బొమ్మలు వేయించడం, క్విజ్‌లు. పద్యం అప్పజెప్పించి చప్పట్లు కొట్టించే ముచ్చట కూడా ఉంటుంది, దాని దగ్గర నేను ఎక్కువసేపు నిలబడను. పిల్లల చేత రాయించి దాన్ని పుస్తకంగా కూర్చడం వేరే స్థాయి పని. మణికొండ వేదకుమార్ నడిపే ‘బాలచెలిమి’ ఉమ్మడి జిల్లాల వారీగా బడిపిల్లల కథలను సంపుటాలుగా తెచ్చింది. ఇలాంటి సంపుటాల్లో పెద్దల చేయి ఎక్కడ పడిందో వెతకడం నాకొక సరదా. కథ చివర్లో ఉన్నట్టుండి నీతి ప్రత్యక్షమైతే అక్కడ మాస్టారు కూర్చున్నాడని అర్థం. మేక తప్పిపోయి, రాత్రంతా వెతికి, పొద్దున్నే అదే దొడ్లో దొరికితే, కథ అక్కడే ఆగిపోతే, ఆ పిల్లను ఎవరూ దిద్దలేదన్నమాట. దిద్దకుండా ఉండటం నేర్చిన సంపాదకుడు దొరకడం, దిద్దేవాడు దొరకడం కన్నా కష్టం. పెద్దల వైపు చూస్తే, అమెరికా తెలుగువాళ్ల సంస్థ తానా, మంచి పుస్తకం కలిసి పిల్లల బొమ్మల కథలకు, నవలలకు పోటీలు పెట్టి, ఎంపికైనవాటిని పుస్తకాలుగా వేస్తున్నాయి. బహుమతి సొమ్ము కన్నా నాకు నచ్చింది ఆ పుస్తకంగా వేయడం. పోటీలో గెలిచిన కథ పత్రాల్లో మిగిలిపోకుండా బల్ల మీదికి వస్తుంది, ఏ పిల్లో దాన్ని తీసి చూస్తుంది లేదా చూడదు. అసలు తీర్పు అక్కడ.

వేదికల గురించి చెప్పకపోతే అన్యాయం. సాయంత్రమయ్యేసరికి ఆవిష్కరణలు వరస కడతాయి. శాలువాలు, పూలగుత్తులు, ‘రెండు ముక్కలు మాట్లాడతాను’ అంటూ మొదలై అరగంట దాటే ముక్కలు. ముందు వరసలో కూర్చున్నవాళ్లంతా తర్వాతి ఆవిష్కరణ తాలూకు బంధువులు. పుస్తకం రాసినవాడికి ఇది పెళ్లిరోజు లాంటిదే, కాదనను. మైకు మాత్రం స్టాళ్ల దాకా వినపడకుండా ఉంటే బాగుంటుంది, అక్కడ చాప మీద ఎవరో ఒత్తులు కూడబలుక్కుంటూ ఉంటారు.

పుస్తకాన్ని జనంలోకి తీసుకుపోయే విషయంలో విజయవాడ వాళ్లను మెచ్చుకోవాలి. మామూలుగా జనవరి మొదట్లో పదకొండు రోజులు జరిగే పుస్తక మహోత్సవాన్ని వాళ్లు మూడున్నర దశాబ్దాలుగా నడుపుతున్నారు. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగింది. ఆ పదకొండు రోజుల్లో ఒకరోజు ‘పుస్తక ప్రియుల పాదయాత్ర’. రచయితలు, ప్రచురణకర్తలు, బడిపిల్లలు ప్లకార్డులు పట్టుకుని పుస్తకాలు చదవమంటూ నినాదాలిస్తూ బజార్ల వెంట నడుస్తారు. ఎన్నికలకూ దేవుడి ఊరేగింపుకూ అలవాటుపడ్డ వీధిలో పుస్తకం కోసం ఊరేగింపు ఏమిటని మొదటిసారి నవ్వు రావచ్చు. గేటు లోపలికి ఎన్నడూ రాని మనిషికి పండుగ జరుగుతోందని తెలియాల్సింది గేటు బయటే. ఆ ఒక్క నడకలో అది జరుగుతుంది. హైదరాబాద్ విస్తీర్ణానికి అలాంటి నడక ఒకటి చాలదు, పేటకొకటి కావాలి.

అందుకే మా పేట గురించి నాకో లెక్క ఉంది. ఎన్టీఆర్ స్టేడియానికి వెళ్లగలిగినవాళ్లు ఎలాగూ వెళ్తారు. వెస్ట్ మారేడ్‌పల్లి నెహ్రూనగర్ పార్కులో పొద్దున నడిచే పెద్దలు, సాయంత్రం ఉయ్యాలల దగ్గర చేరే పిల్లలు, వాళ్ల వెంట వచ్చే ఆయాలు, వీళ్లలో చాలామంది వెళ్లరు. ప్రదర్శన ముగిసిన వారానికి, ప్రచురణకర్తల దగ్గర పెట్టెలు ఇంకా విప్పకముందే, ఒక ఆదివారం ఇక్కడ బల్లలు వేయొచ్చు. తార్నాక ఇక్కడికి ఎంతో దూరం లేదు, మెట్టుగూడ మీదుగా ఒక ఆటోట్రాలీ చాలు. మోకాలెత్తు బల్లలు రెండు, జంపకానాలు, పిన్ను కొట్టిన పుస్తకాలు వంద, పెద్దవాళ్ల కోసం ఇరవై, చిల్లర నిండిన డబ్బా ఒకటి. మైకు అక్కర్లేదు. చదివి వినిపించడానికి గొంతున్న అమ్మమ్మలు నలుగురు కావాలి. తమిళ పాట్టీలు వచ్చినా సరే, పేజీ తిప్పే చోట ఎక్కడ ఆగాలో వాళ్లకూ తెలుసు. రాయాలనుకున్న పిల్లలకు తెల్లకాగితాలు ఇవ్వాలి, దిద్దే పెన్ను ఎవరి చేతిలోనూ ఉండకూడదు. అనుమతికి ఎవర్ని అడగాలో, వానొస్తే పుస్తకాల మీద కప్పడానికి టార్పాలిన్ ఎవరింట్లో ఉందో కనుక్కునే పని మొదలుపెట్టాను.